గట్టిగా నొక్కమన్నారు

సిగ్నలంట, సిగ్నలు! ఆయన వేలు పడి ఫోను కట్టయితే సిగ్నలు, తన వేలు పడి కట్టయితే చేతకానితనం. రేపల్లె ప్యాసింజరు తెనాలి ప్లాట్‌ఫారం వదిలి ఇంకా చినరావూరు కూడా చేరలేదు, కిటికీ పక్కన కూర్చున్న షాహీదాకి ఒంట్లో వేడంతా చెవుల్లోకి ఎక్కింది. పది నిమిషాల కిందట, బండి ఎక్కించడానికి వచ్చిన భర్త సైఫుల్లా ప్లాట్‌ఫారం మీద నిలబడి తన కొత్త ఫోనులోంచి ఈ పాత ఫోనుకి రింగిచ్చాడు. ఎత్తడం ఎలాగో ఇంకోసారి నేర్పిద్దామని! ఆమె నొక్కబోతుంటే "అట్టా కాదు, ఇటివ్వు, బొటనవేలు పెట్టి గట్టిగా నొక్కాలి" అంటూ లాక్కుని తనే నొక్కాడు. ముప్పై ఏళ్లుగా సూటు గుడ్డల్ని నాలుగేసి మడతలు కలిపి పరపరా కోసే కటింగ్ మాస్టరు బొటనవేలు అది. ఫోను ఠక్కున నోరు మూసుకుంది. కట్. ఆయన ఒక్క క్షణం ఫోను వంక చూశాడు, ఆ తర్వాత రేకుల కప్పు వంక చూశాడు, "ఇక్కడ సిగ్నల్ లేదులే" అన్నాడు. తెర మీద సిగ్నల్ గీతలు నిండుగా నిలబడే ఉన్నాయి. ఆమె ఆ గీతల్ని చూసింది, ఆయన్ని చూసింది, ఏమీ అనలేదు. అనాల్సింది. బండి కదిలాక గుర్తొచ్చే మాటలు ఎవరికి కావాలి?

కానీ నొక్కింది తను కాదు కాబట్టి, పక్కన నిలబడి చూసింది కాబట్టి, మొదటిసారి అసలు సంగతి కంటపడింది. ఈ ఫోనుకి తొడిగిన నల్ల రబ్బరు కవరు మొత్తం ఒకటే తొడుగు. వెనకా అదే, పక్కలా అదే, బటన్ల మీదా అదే, అంకెల చోట బుడిపెలు. ఆకుపచ్చ బటన్ బుడిపె మీద ఆయన వేలు దిగబడగానే రబ్బరు చుట్టూ ఉన్నదాన్నంతా లాక్కుంది. పక్కనే ఉన్న ఎర్ర బటన్ మీద కూడా బిగిసి దాన్నీ కిందికి అణిచింది. ముందు పచ్చది, వెంటనే ఎర్రది. ఎత్తీ ఎత్తగానే పెట్టేసినట్టు. మెల్లగా నొక్కితే అసలు దిగదు, గట్టిగా నొక్కితే రెండూ దిగుతాయి. ఆర్నెల్లుగా ఇంట్లో ఆయనా, వీధిలో వాళ్లూ, ఆ కవరు అమ్మిన షాపతనూ ఒకటే పాట. గట్టిగా నొక్కు. గట్టిగా నొక్కమ్మా. నీ వేళ్లలో బలం లేదు, కాస్త గట్టిగా నొక్కు. తనూ నమ్మింది. అదీ అసలు మంట. తన బొటనవేలే పాడైందని, సూది తోసి తోసి కణుపు బిగుసుకుపోయిందని, తప్పంతా తన చేతిదేనని నమ్మి ఊరుకుంది.

బలం లేదంట! ఇరవై ఏడేళ్లుగా కాజాలు కుడుతున్న చెయ్యి ఇది. ఎవరికి తెలుసు కాజా అంటే? చొక్కా వేసుకునేవాడికి గుండీ కనిపిస్తుంది, అది దూరే కాజా కనిపించదు. కాలరు పట్టీలో కాన్వాసు పెట్టి రెండు పొరలు కలిపి కుట్టినచోట సూది దిగాలంటే వేలి తొడుగు పెట్టి తొయ్యాలి, ఒక్కో కాజాకి పాతిక ముప్పై పోట్లు. సైఫుల్లా కోసిన కోట్లకి, షేర్వాణీలకి, తెనాలిలో ఇంకో ముగ్గురు మాస్టర్లు పంపే బట్టలకి కాజాలన్నీ తనవే. గుండీ పట్టకపోతే చొక్కా తిరిగొస్తుంది. "కాజా బిగుతుగా ఉందటమ్మా, మళ్లీ చెయ్యి" అంటారు. ఏ ఒక్క మాస్టరైనా, ఏ ఒక్క రోజైనా, చొక్కా తొడుక్కునే పెద్దమనిషితో నీ వేళ్లలో బలం లేదు, గట్టిగా తొయ్యవయ్యా అన్నాడా? అనడు. అక్కడ తప్పు కాజాది, కుట్టినామెది. మరి ఇక్కడ? ఇక్కడ తప్పు నొక్కినామెది. కుట్టినప్పుడూ తనదే తప్పు, వాడినప్పుడూ తనదే తప్పు, మధ్యలో ఈ రబ్బరు మాత్రం పుణ్యాత్మురాలు!

చినరావూరు వచ్చింది, పోయింది. రేపల్లెలో పదకొండింటికి ఆలియా నిశ్చితార్థం. చెల్లెలు నగ్మా కూతురు ఆలియా. ఇంటర్ రెండేళ్లూ తెనాలిలో తన ఇంట్లోనే ఉండి, పెద్దమ్మని ఖాలా, ఖాలా అని పిలుస్తూ చదువుకున్న ఆలియా. పిల్లలు లేని ఇంట్లో రాత్రీ పగలూ రసాయన శాస్త్రం పాటలాగా వల్లెవేసిన ఆలియా. ఇప్పుడు బాపట్లలో ఫార్మసీ ఆఖరి ఏడాది, ఏప్రిల్లో పరీక్షలు. గురువారం మధ్యాహ్నం ఒక షేర్వాణీ ముందు పట్టీ మీద నాలుగో కాజా కుడుతుండగా ఫోను మోగింది. పేర్లు ఇంగ్లీషులో ఉంటాయని ఆలియా తన పేరు పక్కన చిన్న నక్షత్రం పెట్టిచ్చింది, నక్షత్రం కనిపిస్తే నేనే ఖాలా అని. నక్షత్రం కనిపించింది. నొక్కింది. కట్. మళ్లీ మోగింది. ఇంకా గట్టిగా నొక్కింది. కట్. మూడోసారి రెండు బొటనవేళ్లూ కలిపి నొక్కింది, తోసినంత తోసింది, గోరు తెల్లబడింది. కట్. నాలుగోసారి మోగలేదు. ఒళ్లో షేర్వాణీ పెట్టుకుని సాయంత్రం దాకా ఫోను వంక చూస్తూ కూర్చుంది. తనే చేద్దామంటే రెండు అంకె నొక్కి పట్టుకోవాలి, అలా పెట్టిచ్చింది పిల్ల. ఈ రబ్బరు కింద రెండు నొక్కితే ఐదు కూడా పడి తెర మీద అంకెల వరస పరిగెడుతుంది. శుక్రవారం పొద్దున, సైఫుల్లా తన ఫోను పట్టుకుని పనికెళ్లాక, డాక్టరు గారి ఇంటి ముందున్న కాయిన్ బాక్సు దగ్గరికి వెళ్లింది. స్విచాఫ్. మధ్యాహ్నం వెళ్లింది. స్విచాఫ్. నిన్న సాయంత్రం చెల్లెలి మొగుడు ఇమ్తియాజ్ ఫోను చేశాడు, తనకి కాదు, సైఫుల్లాకి. ఆదివారమే నిశ్చితార్థమట. మంచి సంబంధమట. అమ్మాయి మొదట ఏమీ చెప్పలేదట, ఖాలాతో మాట్లాడి చెబుతానందట, ఖాలా మూడుసార్లు కట్ చేసిందట, అప్పుడు మీ ఇష్టం అందట. ఆ మాటలన్నీ సైఫుల్లా ఒకటొకటిగా అప్పజెప్పి చివర్న, "పిల్ల ఫోను ఎందుకు కట్ చేశావే?" అన్నాడు.

ఎందుకు కట్ చేశావే! తనని తెలిసిన మనిషి, పాతికేళ్లుగా ఒకే పళ్లెంలో తిన్న మనిషి అడిగాడు ఆ మాట. ఎందుకు కట్టయింది అని అడగలేదు. ఇంక ఆలియా ఏమనుకుని ఉంటుంది? హాస్టలు వరండాలో నిలబడి, గంట మోగగానే ఎత్తినట్టే ఎత్తి పెట్టేస్తుంటే, ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. అవతల ఖాలా అని నమ్ముకున్న మనిషి తన గొంతు వినకుండానే తలుపు మూసేసిందనుకుంటుంది. ఏం చెప్పాలనుకుందో పిల్ల. వద్దనా? కావాలనా? ఇంకేదైనానా? అదైనా తనకి తెలియదు, ఇప్పటికీ తెలియదు. తెలియకుండానే పదకొండింటికి ఆ ఇంట్లో అడుగుపెట్టి, అందరి మధ్యా మిఠాయి ముక్క తిని రావాలా? ఒక్క ముక్క, నలుగురూ చేరకముందు ఒక్క ముక్క ఆ పిల్ల నోటి వెంట వినాలి. రేపల్లె ఇంకా ముప్పావు గంట. షాహీదా ఒళ్లో సంచి తెరిచి సూదుల డబ్బా తీసింది. కాగితంలో చుట్టిన సగం బ్లేడు, చిన్న కత్తెర, రీలులో గుచ్చిన సూదులు, అన్నీ ఉన్నాయి. పెళ్లికి వెళ్లినా చావుకి వెళ్లినా ఆ డబ్బా సంచిలో ఉండాల్సిందే.

ఎదుటి సీటులో చేతిసంచీ నిండా పాటల పుస్తకాలు పెట్టుకుని, తెల్లచీర కట్టుకున్న పెద్దావిడ ఇందాకట్నుంచీ చూస్తూనే ఉంది. పేరు ఏసమ్మట, రేపల్లె చర్చిలో మనవరాలికి పేరు పెడుతున్నారని ఎక్కగానే పెట్టె మొత్తానికీ చెప్పింది.

"ఏంటి తల్లీ, ఫోనుని కోస్తావా ఏంటి?"

"ఫోనుని కాదండి, దీని తోలు."

"తీసి పారేయరాదా మరి?"

అందరూ ఇదే అంటారు. తీసి పారేస్తే ఫోను రెండుగా ఊడుతుంది. వెనక మూత పట్టుకునే కొక్కెం విరిగి ఆర్నెల్లయింది, బ్యాటరీని పట్టి ఉంచేది ఈ రబ్బరే. విరిగింది సూర్యలంకలో. ఆలియా రమ్మంటే ఒక ఆదివారం బాపట్ల వెళ్లి, ఆటోలో సముద్రం దగ్గరికి వెళ్లారు ఇద్దరే. నలభై ఏళ్లు నిండాయి, అంతవరకూ సముద్రం చూడలేదు తను, ఇంత దగ్గరుండి! అల పాదాల దాకా వస్తే కెవ్వుమని అరిచింది, చేతిలో ఫోను జారి, వలలు ఆరబెట్టుకున్న చోట పడవ చెక్కకి తగిలింది. ఆలియా ఇసక దులిపి, మూత నొక్కి పెట్టి, ఎంత నవ్విందో. నవ్వి నవ్వి, ఉన్నట్టుండి, "ఖాలా, నాకు ఉద్యోగం వస్తే నీకు కొత్త ఫోను కొంటా, తెలుగులో పేర్లు ఉండేది" అంది. ఆ ఉద్యోగం అన్న మాట అప్పుడు గాలికి పోయింది. ఇప్పుడు జంపనిలో బండి ఆగి, కిటికీలోంచి మినుము చేల పచ్చివాసన కొడుతుంటే తిరిగొచ్చింది. ఉద్యోగం అంది పిల్ల. పెళ్లి అనలేదు.

"పెద్దమ్మా, కాస్త ఈ ఫోను పట్టుకోండి. మూత గట్టిగా అదిమి పట్టుకోండి, బ్యాటరీ జారుతుంది" అంది షాహీదా. కవరు ఊడదీసింది. జాగ్రత్తపడినా బ్యాటరీ జారనే జారింది, తెర నల్లబడింది, ఏసమ్మ "అయ్యో ప్రభువా" అంది. పోనీ. మళ్లీ పెడితే బతుకుతుంది. రబ్బరుని మోకాలి మీద పరిచి వేలితో అటూ ఇటూ లాగి చూసింది. ఏ గుడ్డయినా ముందు చూడాల్సింది లాగుడు ఎటు ఉందో. చొక్కా ముందు కాజాలు నిలువుగా కోస్తారు, కాలరు కాజా ఒక్కటి అడ్డంగా. మెడ పక్కలకి లాగుతుంది కాబట్టి. లాగుడు తెలియకుండా కోసినవాడి పని రెండు ఉతుకులకి బయటపడుతుంది. ఈ రబ్బరులో లాగుడంతా పచ్చ బటన్ నుంచి ఎర్ర బటన్‌కి, అక్కణ్నుంచి అంచుకి. ఎవడు చేశాడో గానీ, ఒక్క గాటు పెట్టి ఉంటే సరిపోయేది. ఒక్క గాటు! అది పెట్టకుండా అచ్చులో పోసి, పెట్టెల్లో నింపి, ఊళ్లకి ఊళ్లు పంపి, నొక్కుకోకపోతే నీ చెయ్యి మంచిది కాదని చెప్పించారు. ఎన్ని ఊళ్లలో ఎంతమంది ఆడవాళ్లు తమ బొటనవేళ్లని తిట్టుకున్నారో.

ముందు అంచున, పనికిరాని చోట, ఒక చిన్న గాటు పెట్టి చూసింది. కొత్త గుడ్డ వస్తే పీలిక మీద కుట్టి చూడటం అలవాటు. కోసిన గాటు లాగగానే చివర నుంచి చిరగబోయింది. అనుకున్నదే. కోటు కాజాకి ఎందుకు చివర గుండ్రటి కన్ను పెడతారు? లాగుడు ఆ కన్ను దగ్గర ఆగుతుంది, చిరుగు ముందుకు పోదు. లావు సూదితో పొడిచి తిప్పి తిప్పి, పచ్చకీ ఎర్రకీ మధ్య పైన ఒక కన్ను, కింద ఒక కన్ను చేసింది. ఆ రెండు కళ్లనీ కలుపుతూ బ్లేడుతో నిలువుగా ఒక గాటు. వేమూరు దాటుతుండగా బండి ఊగింది, బ్లేడు జారి చూపుడువేలు మీద సన్నటి ఎర్రగీత లేచింది, నోట్లో పెట్టుకుని చప్పరించింది. పచ్చ బటన్ చుట్టూ మూడు వైపులా కోసి, నాలుగో వైపు తలుపు బందులాగా వదిలేసింది. లోపలివైపు రబ్బరు మందంగా ఉన్నచోట బ్లేడు వాల్చి పొరపొరగా చెక్కింది. ఎర్రదానికీ అంతే. రెండు అంకెకీ అంతే. మిగతావి ఇవాళ అక్కర్లేదు.

తన నికా రోజున కూడా ఇలాగే వేలు తెగింది, పొద్దున్నే ఎవరిదో జాకెట్టుకి కాజా మిగిలిపోయిందని కూర్చోబెట్టారు, పెళ్లికూతుర్ని! పదిహేడేళ్లు. తెరకి ఇటువైపు కూర్చోబెట్టి, పెద్దవాళ్లు వచ్చి అడిగారు, ఈ సంబంధం నీకు సమ్మతమేనా అని. మూడుసార్లు అడగడం పద్ధతి. అడిగారు, నిజంగానే అడిగారు, పద్ధతిలో లోపం లేదు. మూడుసార్లూ తన గొంతు రాలేదు. సమ్మతం లేక కాదు, ఉండీ కాదు, అసలు ఆలోచించుకోవడానికి నోట్లో తడి లేదు. పక్కన కూర్చున్న మేనత్త, ఎవరి తొందర వాళ్లది, "అంది, అంది, నాకు వినిపించింది" అని చెప్పేసింది. అంతే. బయట దువా చదివారు, ఖర్జూరాలు పంచారు. సైఫుల్లా చెడ్డవాడు కాదు. ఏ లోటూ చెయ్యలేదు. కానీ ఆ 'అంది' అన్న మాట తనది కాదు, ఇరవై ఐదేళ్లయినా తనది కాదు. నువ్వు అన్నదాన్నీ, అననిదాన్నీ పక్కవాళ్లు నొక్కేస్తారు. ఇప్పుడు మూడు ఫోన్లు కట్టయ్యాయి, కట్ చేసింది కట్ చేసింది అని తన తరఫున వాళ్లే చెప్పేశారు. మీ ఇష్టం అందట పిల్ల. మీ ఇష్టం అంటే నా ఇష్టం వినేవాడు లేడని. అది కూడా తెలియదా ఈ మనుషులకి? తెలుసు. తెలిసే మిఠాయిలు తెచ్చారు.

భట్టిప్రోలు వచ్చేసరికి కవరు పని అయింది. ఏసమ్మ ఫోను అందిస్తే బ్యాటరీ పెట్టి, మూత అదిమి, కవరు తొడిగింది. తెర వెలిగి, టైం అడిగింది, తేదీ అడిగింది, షాహీదా ఏదీ చెప్పకుండా వదిలేసింది. పన్నెండు గంటలని చూపిస్తూ కూర్చుంది ఫోను, చూపించనీ. బొటనవేలు రెండు అంకె మీద పెట్టింది. పెట్టడమే, తోయలేదు. పూరీ మీద వేలు పెడితే దిగినట్టు దిగింది. పట్టుకుంది. నక్షత్రం వచ్చింది తెర మీద. రింగు. స్విచాఫ్ కాదు, రింగు! పల్లెకోన చెరువు గట్టో ఏదో కిటికీలో వెనక్కి పోతోంది, రింగు, రింగు, ఆగిపోయింది. ఎత్తలేదు. ఎందుకు ఎత్తుతుంది? మూడుసార్లు కట్ చేసిన మనిషి ఫోను ఎందుకు ఎత్తాలి? షాహీదాకి కళ్లలో నీళ్లు తిరిగాయి, దుఃఖంతో కాదు, కోపంతో. ఇంకా బొటనవేలు అలాగే ఉంది, ఫోను చేతిలోనే మోగింది. నక్షత్రం. పచ్చ బటన్ తాకింది. పచ్చది ఒక్కటే దిగింది. ఎర్రది దాని చోట అది ఊరుకుంది.

"ఆలియా!"

అవతల ఇల్లు నిండా గోల, గిన్నెల చప్పుడు. ఆ గోల మధ్య చిన్న గొంతు. "ఎత్తావా ఖాలా?"

"ఎత్తాను. ఆ రోజూ ఎత్తానే, నా తల్లీ. ఈ రబ్బరు ముండ రెండు బటన్లూ కలిపి నొక్కేసింది. నేను కట్ చెయ్యలా. నీ మీదొట్టు."

అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు. ఏడుస్తోందో నవ్వుతోందో.

"ఏం చెప్పాలనుకున్నావు ఆ రోజు?"

"చెప్పాలని కాదు, అడుగుదామని. అబ్బాయి మంచోడే అయ్యుండొచ్చు ఖాలా. ఏప్రిల్లో పరీక్షలు రాశాక అడగమంటే కుదరదంటున్నారు, పెళ్లయ్యాక చదువెందుకంటున్నారు. నేను ఇప్పుడు వద్దంటే నువ్వు నా పక్కన నిలబడతావా అని..."

"ఎవరైనా నిన్ను అడిగారా మళ్లీ?"

"పదకొండింటికి అడుగుతారట, అందరి ముందూ."

"విను. ఊరుకోకు. ఊరుకుంటే నీ బదులు ఇంకెవరో చెప్పేస్తారు, నాకు తెలుసు. ఇప్పుడే, అక్కడున్న వాళ్లకి వినపడేలా చెప్పు. మా ఖాలా బండిలో ఉంది, ఆమె వచ్చాకే నా మాట చెబుతాను, ఆ మాట నేనే చెబుతాను అని. చెప్పు, నేను వింటున్నా."

ఫోను చెవికి అదుముకుని షాహీదా విన్నది. పిల్ల గొంతు సర్దుకోవడం విన్నది. ఫోనుకి దూరంగా, ఆ గదిలోకి, ఆ మాట చెప్పడం విన్నది. మొదట సన్నగా, రెండోసారి ఇంకాస్త పైకి. గిన్నెల చప్పుడు ఆగింది. "ఏమైందే నీకు?" అంటున్న నగ్మా గొంతు, ఆ పైన కుర్చీ జరిగిన చప్పుడు, చేతులు మారుతున్న గరగర. అప్పుడు ఇమ్తియాజ్ గొంతు, వినయంగా, మెత్తగా, షాపులో బేరానికి వాడే గొంతు.

"ఆపా, సలాం. ఆ రోజు ఎత్తలేదు మీరు, ఇవాళ ఇంతమంది చుట్టాల ముందు ఏంటండి ఇది? పిల్ల చిన్నది, దానికేం తెలుసు? సరేనంది, సర్దుకుంటుంది. మీరొచ్చి, నాలుగు మెతుకులు తిని, దువా చేసి వెళ్లండి. మధ్యలో మీరు కల్పించుకుని..."

బండి నెమ్మదించింది. రేపల్లె. ఇంక ముందుకి పట్టాల్లేని ఊరు. షాహీదా ఫోను చెవి దగ్గర్నుంచి తీసి ఎదురుగా పెట్టుకుంది. ఇమ్తియాజ్ ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు, చిన్నగా, చీమలాగా. ఆమె బొటనవేలు ఎర్ర బటన్ మీద ఆనించింది. బలమేమీ పెట్టలేదు.

"అయ్యో, కట్టయిందా తల్లీ?" అంది ఏసమ్మ. "సిగ్నల్ లేదేమో."

"లేదు పెద్దమ్మా, సిగ్నల్ బాగానే ఉంది. నేనే కట్ చేశాను."

సూదుల డబ్బా సంచిలో వేసుకుని, బండి పూర్తిగా ఆగకముందే తలుపు దగ్గరికి వెళ్లి నిలబడింది.